సూత్రం – వేగం

కుసుమంచి నుండి భద్రాచలం వెళ్లదలచిన ప్రయాణికులు ఇద్దరున్నారనుకోండి. మొదటి వ్యక్తి "ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా గోదావరి వంతెన దాటించండి" అని డ్రైవరుకు దారంతా వివరిస్తాడు. రెండవ వ్యక్తి "భద్రాచలం చేర్చండి" అని ఊరుకుంటాడు. కంప్యూటరుకు పని చెప్పే భాషలలోనూ ఈ రెండు తీరులున్నాయి. పనిని ఎలా చేయాలో మెట్టుమెట్టుగా చెప్పేవి ఆదేశాత్మక భాషలు. ఏమి కావాలో మాత్రమే చెప్పేవి ప్రకటనాత్మక భాషలు.

మొదటి తెగకు 'సి' భాష, రెండవ తెగకు 'ప్రోలాగ్' ఉదాహరణలు. రెండూ 1972 ప్రాంతంలోనే రూపుదిద్దుకున్నాయి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ సి భాషను రూపొందించారు. ఫ్రాన్సులోని మార్సెయి నగరంలో అలెన్ కోల్మెరావర్, ఫిలిప్ రూసెల్ ప్రోలాగ్‌ను రూపొందించారు. మనుషుల భాషను కంప్యూటరుకు అర్థం చేయించాలన్న ప్రయత్నం నుండి ప్రోలాగ్ పుట్టింది.

ప్రోలాగ్ నియమం వ్యాకరణ సూత్రం వంటిది. అత్వసంధి తెలిసిన విద్యార్థి 'మేన', 'అల్లుడు' అనే పదాలను కలిపి 'మేనల్లుడు' అనగలడు. అదే సూత్రంతో ఆ పదాన్ని విడదీయనూ గలడు. ప్రోలాగ్‌లో ఒకసారి రాసిన నియమం కూడా చాలా సందర్భాలలో ఇలా రెండు వైపులా పనిచేస్తుంది. సి భాషలో కలపడానికి ఒక ఫంక్షన్, విడదీయడానికి మరొక ఫంక్షన్ రాయాలి.

అయితే ఈ సౌలభ్యం ఉచితంగా లభించదు. పదాలను కలిపినప్పుడు ఫలితం ఒక్కటే. విడదీసేటప్పుడు 'మేన', 'మేని', 'మేను' అనే మూడు రూపాలూ పరిశీలనకు వస్తాయి. ప్రోలాగ్ ఒకదానిని ప్రయత్నించి, అది కుదరకపోతే వెనుకకు వచ్చి మరొకదానిని చూస్తుంది. దారి తెలియని డ్రైవరు ప్రతి మలుపూ తిరిగి చూసినట్లే ఇదీను. వెనుకకు రావాలంటే దాటిన మలుపులన్నీ గుర్తుంచుకోవాలి. అందుకే కాలమూ, మెమొరీ కూడా అధికంగా ఖర్చవుతాయి. దారి ముందే తెలిసిన సి ప్రోగ్రాముకు ఈ భారం ఉండదు.

ఈ అంతరాన్ని తగ్గించవచ్చునని పరిశోధకులు నిరూపించారు. 1990లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పీటర్ వాన్ రాయ్ తన సిద్ధాంత గ్రంథంలో ప్రోలాగ్‌ను అంతకు ముందున్న ఉత్తమ వ్యవస్థల కంటే దాదాపు పదిరెట్లు వేగంగా నడిపించవచ్చునని చూపారు. కొన్ని రకాల సమస్యలలో అది సి వేగాన్ని సమీపించింది. సమాధానం ఒక్కటే ఉండే చోట్లను ముందుగానే గుర్తించి, అక్కడ వెతుకులాటను మానిపించడం ఆయన అనుసరించిన మార్గాలలో ఒకటి.

1995లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నుండి వెలువడిన 'మెర్క్యురీ' భాష మరో అడుగు ముందుకు వేసింది. ఏది తెలిసినది, ఏది కనుగొనవలసినది, ఎన్ని సమాధానాలు ఉండవచ్చు అనే విషయాలను ప్రోగ్రాం రాసేవారే ఇందులో ప్రకటిస్తారు. ఆ వివరాల ఆధారంగా కంపైలర్ అనవసరమైన వెతుకులాటను తొలగిస్తుంది. పైగా అది ఆ నియమాలను సి భాషలోకే మార్చగలదు. పోటీగా భావించిన భాషే ఇక్కడ ఆధారమైంది.

కనుక రెండు భాషలను పోల్చేటప్పుడు యంత్రం తీసుకునే కాలాన్ని మాత్రమే చూడరాదు. ప్రోగ్రాం రాయడానికి, తప్పులు దిద్దడానికి మనిషి వెచ్చించే కాలాన్ని కూడా లెక్కించాలి. యంత్రాన్ని అడుగడుగునా అదుపులో ఉంచవలసిన పనికి సి తగినది. నియమాలు అనేకమై, తరచుగా మారే పనికి ప్రకటనాత్మక భాష తగినది.

అర్థాలు
అంతరం = తేడా
సౌలభ్యం = సులువు
వెచ్చించు = ఖర్చుచేయు

ప్రశ్నలు
1. ఆదేశాత్మక, ప్రకటనాత్మక భాషల భేదాన్ని సోదాహరణంగా వివరించండి.
2. 'మేనల్లుడు' అనే పదం ద్వారా ప్రోలాగ్ పనితీరును తెలపండి.
3. మెర్క్యురీ భాష వేగాన్ని ఎలా సాధించింది?