ఎర్ర కార్డు – విచారణ – అప్పీలు

ఉద్యోగంలో శిక్ష పడినవారు పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చునని మీకు తెలుసు. ఆటలలో కూడా ఇటువంటి ఏర్పాటు ఉంది. రగ్బీలో జరిగిన ఒక ఉదంతం ద్వారా దీనిని తెలుసుకుందాం.

రగ్బీలో జట్టుకు 15 మంది ఉంటారు. కోడిగుడ్డు ఆకారపు బంతితో పరుగెత్తే ఆటగాణ్ణి ఎదుటివారు చేతులతో చుట్టి పడగొట్టవచ్చు. దీనిని టాకిల్ అంటారు. అయితే భుజాలకు పైన పట్టరాదు. చేతులు చుట్టకుండా భుజంతో గుద్దరాదు. తల విషయంలో ఇంత పట్టింపు ఎందుకని మీరు అడగవచ్చు. 2003లో ప్రపంచ కప్పు గెలిచిన ఇంగ్లండు జట్టులోని స్టీవ్ థాంప్సన్, ఆ గెలుపు తనకు జ్ఞాపకమే లేదని 2020లో చెప్పాడు. ఆ ఒక్క మాట చాలు.

2023 ఆగస్టు 12న లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండు, వేల్స్ జట్లు తలపడ్డాయి. ఇంగ్లండు నాయకుడు ఓవెన్ ఫారెల్ భుజం వేల్స్ ఆటగాడు టేన్ బాషం తలకు తగిలింది. రిఫరీ పసుపు కార్డు చూపాడు. వీడియో పరిశీలించిన అధికారి దానిని ఎర్ర కార్డుగా మార్చాడు.

మూడు రోజుల తరువాత, ఒక న్యాయవాది, ఇద్దరు మాజీ ఆటగాళ్లు ఉన్న స్వతంత్ర సంఘం విచారణ జరిపింది. తప్పుగా ఆడిన మాట నిజమేకాని అది ఎర్ర కార్డుకు తగినంత తప్పు కాదని ఫారెల్ వాదించాడు. చివరి క్షణంలో మరో ఇంగ్లండు ఆటగాడు తగలడంతో బాషం దిశ మారిందని సంఘం భావించి, ఎర్ర కార్డును రద్దు చేసింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అప్పీలు అనగానే శిక్ష పడినవాడే చేస్తాడనుకుంటాం. ఈసారి అప్పీలు చేసింది ఆటను నడిపే వరల్డ్ రగ్బీ సంస్థ! అప్పీలు సంఘం సాధారణంగా కథనంతా మొదటినుంచి తిరగదోడదు. కింది తీర్పులో స్పష్టమైన పొరపాటు ఉన్నదా అని చూస్తుంది. ఫారెల్ చేతులు చుట్టడానికి ప్రయత్నించాడా అన్న ముఖ్యమైన ప్రశ్నను మొదటి తీర్పు పట్టించుకోలేదని ఆగస్టు 22న తేల్చింది. అతడు ప్రయత్నించలేదు. టాకిలే నిబంధనకు విరుద్ధమైనప్పుడు బాషం దిశ మారిందన్న వాదన నిలవదు. ఎర్ర కార్డు మళ్లీ అమలులోకి వచ్చింది.

తలకు తగిలితే శిక్ష లెక్క 6 మ్యాచ్‌ల దగ్గర మొదలవుతుంది. తప్పు ఒప్పుకొని విచారం చూపినందుకు 2 తగ్గించి, 4 మ్యాచ్‌ల నిషేధం విధించారు. వాటిలో రెండు ప్రపంచ కప్పు మ్యాచ్‌లు: అర్జెంటీనాతో ఒకటి, జపాన్‌తో ఒకటి.

పాఠ్యగత ప్రశ్నలు

1. మొదటి సంఘం తీర్పులో లోపించిన అంశం ఏది?
2. శిక్ష తప్పినవారిపై కూడా అప్పీలు చేసే హక్కు ఉండటం న్యాయమేనా? మీ అభిప్రాయాన్ని నాలుగు వాక్యాలలో రాయండి.