కొత్త హార్డ్‌డిస్క్‌లోకి ఆపరేటింగ్ సిస్టంను మార్చడం ఎలా?



మనలో చాలామంది ఇళ్ళలో కంప్యూటర్ మనతోనే మొదలవుతుంది. అది కూడా ఎవరో వాడి ఇచ్చినదో, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదో అయి ఉంటుంది. ప్రాజెక్టు రిపోర్టు, స్కాన్ చేసిన కుల, ఆదాయ సర్టిఫికెట్లు, పోటీ పరీక్షల నోట్సు అన్నీ అందులోనే ఉంటాయి. హార్డ్‌డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని శబ్దం వస్తున్నా, ఫైళ్ళు తెరుచుకోకుండా మొరాయిస్తున్నా అది చెడిపోబోతోందని అనుమానించాలి. అంతమాత్రాన కంప్యూటర్‌ను పారేయనక్కరలేదు. డిస్క్ ఒక్కటి మార్చుకోవచ్చు.

ఫైళ్ళు కాపీ చేస్తే చాలదా?

చాలదు. పెట్టె, పరుపు హాస్టల్‌కు చేరినంత మాత్రాన అడ్మిషన్ అయినట్టు కాదు కదా! రిజిస్టరులో పేరు ఎక్కాలి. డిస్క్‌లో బూట్ భాగం ఆ రిజిస్టరు వంటిది.

పవర్ ఆన్ చేయగానే మదర్‌బోర్డు ముందుగా ఈ భాగం కోసమే వెతుకుతుంది. 1983 నుంచి వచ్చిన ఎంబీఆర్ పద్ధతిలో ఇది డిస్క్ మొదటి 512 బైట్లలో ఉంటుంది. అందులో 446 బైట్లు బూట్ కోడ్, 64 బైట్లు పార్టిషన్ల పట్టిక, చివరి 2 బైట్లు గుర్తు. ఈ పద్ధతి సాధారణంగా 2 టెరాబైట్ల వరకే పనికొస్తుంది. తర్వాత వచ్చిన యూఈఎఫ్‌ఐ, జీపీటీ పద్ధతిలో బూట్ ఫైళ్ళకు ఒక చిన్న పార్టిషన్ విడిగా ఉంటుంది. ఈ రెండూ సి డ్రైవ్‌లో మనకు కనిపించవు. అందుకే సి డ్రైవ్ అంతా కాపీ చేసినా కొత్త డిస్క్‌తో కంప్యూటర్ లేవదు. మొత్తం డిస్క్‌ను ఉన్నది ఉన్నట్టు దించాలి. దీన్నే క్లోనింగ్ అంటారు.

మేము పాటించే వరుస

1. ముందుగా ముఖ్యమైన ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లో దాచాలి. డిస్క్ చెడిపోయే దశలో ఉంటే క్లోనింగ్ మధ్యలోనే ఆగిపోవచ్చు.

2. కొత్త డిస్క్ పాతదానికి సమానంగా గానీ, పెద్దదిగా గానీ ఉండాలి. వీలైతే ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. అందులో తిరిగే భాగాలు ఉండవు కాబట్టి వేగం బాగా పెరుగుతుంది. ల్యాప్‌టాప్ అయితే శాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ కావాలి.

3. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ రాసిపెట్టుకుని, ముందే ఆఫ్ చేయాలి.

4. క్లోన్‌జిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దానితో కంప్యూటర్‌ను బూట్ చేయాలి. ఇంగ్లీషు మెనూ చూసి భయపడనక్కరలేదు. డిస్క్ నుంచి డిస్క్‌కు కాపీ చేసే పద్ధతి ఎంచుకోవాలి.

5. అసలు జాగ్రత్త ఇక్కడే. సోర్స్ అంటే పాతది, టార్గెట్ అంటే కొత్తది. టార్గెట్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఇవి తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద పడుతుంది. డిస్క్ కంపెనీ పేరు, సైజు కాగితం మీద రాసుకుని, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని చూడండి.

6. పని అయ్యాక కంప్యూటర్ ఆపి, పాత డిస్క్ తీసేసి, కొత్తది బిగించి ఆన్ చేయాలి. రెండూ కలిపి ఉంచకూడదు. రెండింటికీ ఒకే గుర్తు ఉండటం వల్ల విండోస్ తికమక పడుతుంది. లేవకపోతే బయోస్‌లో బూట్ వరుస చూడండి.

7. కొత్త డిస్క్ పెద్దదైతే మిగిలిన చోటును డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కలుపుకోవచ్చు.

క్లోనింగ్‌లో మంచితోపాటు వైరస్‌లూ వస్తాయి. ముందే స్కాన్ చేయడం మేలు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 పట్టని పాత కంప్యూటరైతే, ఫైళ్ళు మాత్రం దాచుకుని కొత్త డిస్క్‌లో ఉబుంటు వంటి ఉచిత లినక్స్ వేసుకోవచ్చు.

పాత డిస్క్‌ను వెంటనే చెరపకండి. కొన్ని వారాలు కొత్తది సరిగా నడిచి, మీ ఫైళ్ళన్నీ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే దాన్ని వేరే పనికి వాడండి.

ఒక కేబుల్, ఒక పెన్‌డ్రైవ్ హాస్టల్‌లో ఒక్కరి దగ్గరున్నా అందరికీ పనికొస్తాయి. నేర్చుకున్నవారు పక్క గది తమ్ముడికి నేర్పండి. ఫైనలియర్ ప్రాజెక్టు ఇవ్వాల్సిన వారంలో డిస్క్ పోతే ఎంత నష్టమో మనకు తెలుసు.