బాస్‌లోకి వెళ్ళిన పిల్లాడు

మామిడి కాయలు మండీలకు దిగే రోజులు. ఒక సాయంత్రం కావేరిపట్టణం నుంచి ఒక తండ్రి మా ఇంటికొచ్చాడు. చొక్కా మీద కాయల సొన మరకలు అట్లాగే ఉన్నాయి. మంచినీళ్ళు కూడా తాగకుండా, "సార్, మా వాడు కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ పెట్టుకున్నాడు. రాత్రిపూట దాంట్లోకి పోతా ఉండాడు" అన్నాడు. వెనకే వచ్చిన తల్లి నిప్పట్ల పొట్లం మా ఆవిడ చేతికిచ్చి, గోడ వారగా కూర్చుంది. ఆమె ఏమీ మాట్లాడలేదు.

ఇంట్లో ఉన్నది పెద్దమ్మాయికి ప్లస్ టూలో ప్రభుత్వం ఇచ్చిన లాప్‌టాప్. ఆ పిల్ల హోసూరులో ఉద్యోగానికి చేరాక అది తొమ్మిదో తరగతి తమ్ముడి చేతికొచ్చింది. వాడు ఆటల్లో మునిగిపోతున్నాడని తండ్రి తెలిసినవాళ్ళ చేత విండోస్‌లో రోజుకు ఒక్క గంటే అని పరిమితి పెట్టించాడు. వారం రోజులు బాగానే గడిచింది. ఒక రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి చూస్తే, పిల్లాడు నల్లటి తెర ముందు కూర్చుని ఉన్నాడు. తెర నిండా తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. ఇదేదో హ్యాకింగ్ అనుకున్నాడు. ఆయన స్థానంలో మనమున్నా అదే అనుకుంటాం.

ఆయనకు చెప్పిన ధైర్యమే మీకూ చెబుతున్నాను. వాడు కొత్తగా పెట్టుకున్నది ఏమీ లేదు. తమిళనాడులో 2011 సెప్టెంబర్ 15న మొదలైన ఉచిత లాప్‌టాప్ పథకంలో ప్రభుత్వ సంస్థ ఎల్కాట్ ద్వారా పిల్లలకు అందిన మిషన్లలో చాలావాటికి రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉండేవి. ఒకటి విండోస్. రెండోది బాస్, అంటే భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్. మన సి-డాక్ సంస్థ లైనక్స్ మీద తయారుచేసి 2007లో బయటికి తెచ్చింది. మిషన్ ఆన్ చేయగానే రెంటిలో ఏది కావాలని కొన్ని సెకన్లు అడుగుతుంది. మనం ఆ లోపల టీ తెచ్చుకోవడానికి పోతాం, అదే విండోస్‌లోకి పోతుంది. పిల్లాడు తెర వైపు చూస్తూ కూర్చున్నాడు కాబట్టి కింది బాణం మీట నొక్కాడు.

కష్టమైన మాట కూడా ఇక్కడే ఉంది. విండోస్‌లో వేసిన తాళం బాస్‌కు తెలియదు. ఆ తలుపూ మూస్తే పెన్‌డ్రైవ్ నుంచి ఇంకో సిస్టమ్ నడపొచ్చునని ఏ స్నేహితుడో చెబుతాడు. మనం తాళాలు కొంటూ పోతే వాడు సందులు వెతుకుతూ పోతాడు. వాడికి మనకంటే తీరిక ఎక్కువ.

మరుసటి ఆదివారం పిల్లాణ్ణి లాప్‌టాప్‌తో సహా రమ్మన్నాను. వాడు వాళ్ళమ్మ వెంట తల దించుకునే వచ్చాడు. "ఏమి నాయనా, దీంట్లో ఏమేం మార్చినావో చూపించు" అన్నాను. తల ఎత్తలేదు గానీ చెయ్యి కదిలింది. కింద ఉండే పట్టీని పైకి తెచ్చాడు. ఫోల్డర్ల బొమ్మలు మార్చాడు. గడియారం పక్కన తేదీ తనకు నచ్చినట్టు పెట్టాడు. ఆ నల్లటి తెర టెర్మినల్; అందులో ఆదేశాలు టైపు చేసి ఏది ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు. తను ఆడే ఆటలు బాస్‌లో నడవవట. మరి అంతా నలుపెందుకు అంటే, కాసేపు ఊరుకుని, "లైటు అమ్మ మొహం మీద పడతది సార్" అన్నాడు.

వాళ్ళది ఒకే గది ఇల్లు.

మనం ఆ వయసు వాడి లోపలికి ఒకసారి వెళ్ళొద్దామా? ఇంట్లో వాడిదంటూ చెప్పుకునే మూల లేదు. పరుపు నాన్నది, బీరువా అమ్మది, పుస్తకాల గూట్లో సగం అక్కవి. బళ్ళో బెంచీ మారమంటే మారాలి. పద్నాలుగేళ్ళ వయసులో వాడు ఇట్లా ఉండు అంటే అట్లాగే ఉండే చోటు ప్రపంచంలో ఆ తెర ఒక్కటే. వాల్‌పేపర్ మార్చడం, రంగులు మార్చడం మనకు పనికిరాని పనిగా కనిపిస్తాయి. వాడు మాత్రం వాకిలి ఊడ్చి ముగ్గు వేసుకుంటున్నాడు.

అట్లాగని రాత్రి రెండు గంటలు కాకుండా పోవు. ఎదిగే పిల్లలకు నిద్ర తగ్గితే చదువూ పోతుంది, సహనమూ పోతుంది. ఆ తండ్రి భయం తప్పు కాదు. భయంతో ఏం చేశాడన్నది మాత్రమే మనం మాట్లాడుకోవాల్సింది.

నేనూ ఒకప్పుడు పొరపాటు చేశాను. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా ఇంట్లో కంప్యూటర్ నిదానించిందని ఒక మధ్యాహ్నం శుభ్రం చేయడానికి కూర్చున్నాను. డెస్క్‌టాప్ నిండా చెత్తలా ఉంది. "న్యూ ఫోల్డర్ 3" అని ఒకటి కనబడితే తెరవకుండానే తీసేశాను; రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. అందులో వాళ్ళ అవ్వ చెప్పిన పొడుపు కథలున్నాయి. ఆ పిల్లకు తెలుగు రాయడం రాదు, తమిళ అక్షరాల్లో టైపు చేసుకుంది. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం కదా, కాలిని గాలి నుంచి విడదీయడానికి పక్కన చుక్కలు పెట్టి తన సొంత లిపి ఏదో కల్పించుకుందట. ఇదంతా తర్వాత వాళ్ళమ్మ చెప్పింది. పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. రెండు నెలలు ఆ కంప్యూటర్ దగ్గరికి రాలేదు. అవ్వ మళ్ళీ చెప్పింది గానీ, అన్నీ గుర్తు రాలేదు.

అందుకే తల్లిదండ్రులను నేను మొదట అడిగేది, పిల్లలకు వేరే అకౌంట్ ఉందా అని. ఒకే అకౌంట్‌లో ఇల్లంతా కాపురం చేస్తుంటే గొడవలు తప్పవు. విండోస్‌లో సెట్టింగ్స్ తెరిచి అకౌంట్స్‌లోకి వెళితే ఇంకొకరిని చేర్చుకోవచ్చు. పిల్లాడి పేరుతో స్టాండర్డ్ అకౌంట్ పెట్టండి, అడ్మినిస్ట్రేటర్ మీ దగ్గర ఉంచుకోండి. రంగులు, బొమ్మలు, అక్షరాల సైజు వాడిష్టం. సిస్టమ్ మొత్తాన్ని మార్చే ప్రోగ్రామ్ ఎక్కించాలంటే మాత్రం మీ పాస్‌వర్డ్ అడుగుతుంది, వాడు మిమ్మల్ని పిలవాలి. అట్లా పిలిచినప్పుడు "ఇది ఎందుకు?" అని విచారణ పెట్టకుండా "ఇది ఏం చేస్తుంది, చూపించు" అనండి. వాడి ఫోల్డర్లు వాడివి. తీసేయాలంటే వాడే తీయాలి. లైనక్స్‌లో కూడా ఇదే పద్ధతి.

రెండు డెస్క్‌టాప్‌లు పెట్టుకోవచ్చునని చాలామందికి తెలియదు. విండోస్ మీట, టాబ్ కలిపి నొక్కితే కొత్త డెస్క్‌టాప్ చేర్చుకునే చోటు వస్తుంది. ఒకటి హోంవర్కుకు, ఒకటి ఆటకు. విండోస్ 11లో దేని బొమ్మ దానికి వేరే పెట్టుకోవచ్చు. ఇది తాళం కాదు, వాడు క్షణంలో ఇటు నుంచి అటు దూకగలడు. అయినా ఇప్పుడు నేను ఏ పక్క ఉన్నాను అన్న ఎరుక వాడికే కలుగుతుంది.

మన ప్రాంతపు తెలుగు ఇళ్ళకు మాత్రం ఇంకో మాట చెప్పాలి. తమిళనాడు బళ్ళలో 2006లో వచ్చిన చట్టంతో తరగతి తర్వాత తరగతిగా తమిళం తప్పనిసరి అయింది. తమిళం మన పిల్లలకు బతుకుదెరువు భాష, స్నేహితుల భాష. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఆ మాటలను కంటితో చూడకుండానే పెరుగుతున్నారు. కంప్యూటర్ ఇక్కడ అక్కరకొస్తుంది. సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ దగ్గర తెలుగు చేర్చండి. ఆపైన విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కితే భాష మారుతుంది. 2019లో విండోస్ 10కు ఫొనెటిక్ కీబోర్డు వచ్చింది, ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు కొడితే తెలుగు వస్తుంది. సులువే. అయినా పిల్లలకు నేను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చూపిస్తాను. దాంట్లో చాలా భారతీయ భాషలకు ఒకే అమరిక. షిఫ్ట్ పట్టుకుని డి, ఆ తర్వాత షిఫ్ట్ వదిలి సి, డి, సి నొక్కితే తెలుగులో అమ్మ. కీబోర్డును తమిళానికి మార్చి అవే మీటలు నొక్కి చివర ఇ మీట ఒకటి చేర్చితే, దీర్ఘంతో తమిళ అమ్మా. ఆ ఆదివారం పిల్లాడు తల ఎత్తింది దీన్ని చూసినప్పుడే. వాళ్ళమ్మను పిలిచి రెండూ చూపించాడు. రామభద్ర, మండలి, గిడుగు లాంటి అందమైన తెలుగు ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. ఏది బాగుందో వాడినే తేల్చమనండి, ఒక పూట గడిచిపోతుంది.

చెడగొడతాడేమోనన్న భయం మనకు ఉంటుంది. చెడగొడతాడు, నిజమే. విండోస్‌లో సిస్టమ్ రిస్టోర్ ఆన్ చేసి ఉంచితే సెట్టింగ్స్ గాడి తప్పినప్పుడు పాత తేదీకి వెనక్కి పోవచ్చు. కానీ అది ఫొటోలను, రాతలను కాపాడదు. వాటిని నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకో వేరే డిస్కులోకో ఎక్కించి బీరువాలో పెట్టండి. ఆ పని పిల్లాడికే అప్పగిస్తే మరీ మంచిది, తన సామాను ఏదో తనకే తెలుస్తుంది.

పాత మిషన్ల గురించి రెండు ముక్కలు. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆగిపోయింది. అట్లాంటి మిషన్‌తో ఆన్‌లైన్‌లో డబ్బు వ్యవహారాలు పెట్టుకోకండి. దాన్ని మూలన పడేయక్కర్లేదు కూడా. లైనక్స్ మింట్ లాంటివి పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, లోపలి డిస్కు ముట్టుకోకుండా పరీక్షించుకోవచ్చు. బాస్‌లోకి దారి వెతుక్కున్న పిల్లాడికి ఇది చెప్పనక్కర్లేదు, వాడే మీకు చెబుతాడు.

ఇక రాత్రి సంగతి. ఆ తల్లిదండ్రులకు నేను చెప్పింది ఒకటే: పరిమితి పెట్టండి, కానీ వాడు ఎదురుగా ఉండగా, వాడిని అడిగి పెట్టండి. గంటా గంటన్నరా అన్నది వాడితోనే బేరమాడండి. మండీలో బేరమాడే మనిషికి అది చేతకాదా? తొమ్మిదిన్నరకు లాప్‌టాప్ మూసి, ఛార్జర్‌తో సహా అమ్మ తల దగ్గర పెట్టాలి. తెర నీలి వెలుగు తగ్గించే నైట్ లైట్ సాయంత్రం నుంచి ఆన్ అయ్యేట్టు పెడితే కళ్ళకు హాయిగా ఉండొచ్చు, కానీ పడుకునే వేళ అది మార్చదు. బాస్‌ను తీసేయించనా అని తండ్రి అడిగాడు. వద్దన్నాను. అది వాడు కనిపెట్టిన చోటు. దాన్ని పీకేస్తే వాడికి మిగిలేది కోపమే. వారానికి ఒక సాయంత్రం వాడి పక్కన కూర్చుని అందులో కొత్తగా ఏం మార్చాడో చూడమన్నాను. మౌస్ మాత్రం వాడి చేతిలోనే ఉండాలి.

నెల తర్వాత తండ్రి కృష్ణగిరి బస్టాండులో కనబడ్డాడు. పిల్లాడు పడుకుంటున్నాడా అని అడిగాను. "పడుకుంటా ఉండాడు సార్" అన్నాడు. ఆపైన కాస్త మొహమాటపడి, "నాకూ ఒక అకౌంట్ పెట్టినాడు. మండీ లెక్కలు రాసుకోమన్నాడు. పాస్‌వర్డ్ మర్చిపోయినా సార్, అడిగితే నవ్వుతాడు గాని చెప్పడు" అన్నాడు.