హార్వెస్టరు ఎ.సి. నిలుకడగా చల్లబరచనిచో ఏమి చూడవలెను?

ఎ.సి. క్యాబిన్ గల వరికోత యంత్రములు, ట్రాక్టర్లు మన పొలములలోనికి వచ్చుచున్నవి. దాళ్వా, యాసంగి వరికోతలు ఎండలు ముదిరిన దినములలో సాగును. నాలుగువైపుల అద్దములు బిగించిన క్యాబిన్‌లో చల్లదనము తప్పినచో డ్రైవరునకు వడదెబ్బ తగులు ప్రమాదము కలదు.

కాసేపు చల్లగాలి, కాసేపు వేడిగాలి వచ్చుచున్నచో చాలమంది వెంటనే గ్యాసు పట్టింతురు. ఇది మంచి పద్ధతి కాదు. గ్యాసు డీజిలువలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో తిరుగుచుండును. ఒక్క సీజనులోనే తగ్గినచో ఎక్కడనో కారుచున్నదన్నమాట. కారు చోటు బాగుచేయక పట్టించిన గ్యాసు మరల పోవును, డబ్బు దండుగ.

పనిచేయు విధము

ఇంజను బెల్టుతో తిరుగు కంప్రెసరు గ్యాసును వత్తిడితో కండెన్సరులోనికి పంపును. ఇది చూచుటకు రేడియేటరువలె నుండును. ఇచ్చట గ్యాసు తన వేడిని బయటిగాలికి వదలి ద్రవమగును. ఆ ద్రవము వాల్వులోని సన్నని రంధ్రము దాటి, క్యాబిన్ వైపునున్న ఎవాపరేటరులో ఆవిరియగుచు గాలిలోని వేడిని పీల్చుకొనును. మట్టికుండపై చెమర్చిన నీరు ఆవిరియగుచు లోపలి నీటిని చల్లబరచుట వంటిదే ఇది.

చల్లదనము ఎప్పుడు తప్పుచున్నది?

1. ఉదయము బాగుగానుండి, ఎండ ముదిరి కోత సాగినకొలది తగ్గుచున్నచో, కండెన్సరు రేకుల సందులలో పొట్టు, దుమ్ము పట్టినవని మొదట అనుమానింపవలెను. కోతల కాలములో ఇదియే తరచుగా కనిపించు కారణము.

2. మొదట చల్లబడి, పిదప గాలి విసరు తగ్గిపోయినచో ఎవాపరేటరుపై మంచు పేరుకొని యుండవచ్చును. ఎ.సి. మీట ఆపి ఫ్యాను మాత్రము 15, 20 నిమిషములు నడుపుడు. గాలి మరల బాగుగా వచ్చినచో మంచు కరగినదని తెలియును. క్యాబిన్ ఫిల్టరు మూసికొనుట, థర్మోస్టాటు చెడుట, గ్యాసు తగ్గుట దీనికి కారణములు. ముందుగా ఫిల్టరు చూడుడు.

3. గాలి విసరు తగ్గకయే వేడిగాలి వచ్చుచున్నచో, కంప్రెసరు ముందుభాగమున గల క్లచ్చి పళ్లెమును చూడవలెను. అది తిరుగుచున్నచో, గొట్టములలో చేరిన తేమ వాల్వు రంధ్రమువద్ద గడ్డకట్టి దారి మూయుచుండవచ్చును. తిరుగనిచో కండెన్సరు శుభ్రముచేసి చూడుడు. అప్పటికిని ఆగుచున్నచో క్లచ్చి, రిలే, తీగలు మెకానిక్కుచే పరీక్ష చేయింపవలెను.

4. క్లచ్చి క్షణక్షణము పట్టుచు వదలుచున్నచో గ్యాసు తగ్గి యుండవచ్చును. గొట్టముల అతుకులవద్ద నూనె జిడ్డు, దానికంటిన దుమ్ము కనిపించినచో అచ్చట కారుచున్నదని అనుమానింపుడు.

5. ఇంజను వేగము పెంచినపుడు కీచుమని శబ్దము వచ్చినచో బెల్టు బిగువు చూడవలెను.

క్లచ్చిని చూచునపుడు కోత భాగమును ఆపి, బ్రేకు వేసి, దూరముగా నిలువవలెను. తువ్వాలు, వదులు దుస్తులు బెల్టు దరికి పోనీయరాదు.

రైతు చేయదగిన పని

కోతల దినములలో ప్రతిదినము ఇంజను ఆపి, చల్లారిన పిదప కండెన్సరును శుభ్రము చేయవలెను. గాలి లోనికి పోవు దిశకు ఎదురుగా, లోపలినుండి బయటకు తక్కువ వత్తిడితో గాలి కొట్టవలెను. వత్తిడి ఎక్కువైనచో పలుచని రేకులు వంగి సందులు మూసికొనును. క్యాబిన్ ఫిల్టరును దులుపుచు, పాడైనచో మార్చవలెను.

గొట్టముల అతుకులను మాత్రము విప్పరాదు. వాహనములలో ఎక్కువగా వాడు ఆర్-134ఎ గ్యాసు, బయటి గాలి వత్తిడిలో సున్నకు దిగువ 26 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగును. ఆ ద్రవము కంటబడినచో చూపునకే ముప్పు. దీనికి మారుగా వంటగ్యాసు పట్టించుట అగ్నిప్రమాదమునకు దారితీయును.

మెకానిక్కు వచ్చినపుడు చల్లదనము ఏ వేళ, ఎంతసేపటికి తప్పుచున్నదో, అప్పుడు క్లచ్చి తిరుగుచున్నదో లేదో చెప్పుడు. కారు చోటు బాగుచేయించి, డ్రయరు మార్పించి, వాక్యూం పంపుతో గాలిని, తేమను తీయించిన పిదపనే గ్యాసు పట్టింపవలెను. యంత్రముపై వ్రాసియున్న తూకము ప్రకారమే పట్టింపుడు. ఎక్కువైనను చల్లదనము తగ్గును.