శక్కర్‌నగర్ నేర్పిన పాఠం

పట్నవాసం మేలా, పల్లెవాసం మేలా అని వక్తృత్వ పోటీల్లో మనం ఏటా వాదించుకుంటాం. ఈ రెంటికీ నడుమ మూడోది ఒకటుంది: అన్ని వసతులూ ఉన్న చిన్న పట్టణం. బోధన్‌ను ఆనుకుని ఉన్న శక్కర్‌నగర్ అటువంటిదే. దాని మంచిచెడ్డలు చూద్దాం.

ఉర్దూలో శక్కర్ అంటే చక్కెర. 1931లో మంజీర నదిపై నిజాంసాగర్ పూర్తయింది. కాలువ నీళ్లతో చెరకు సాగు పెరిగింది. ఆ చెరకును నమ్ముకునే 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా దానికి పేరుండేది. అందులో పనిచేసేవారి కోసం కట్టిన కాలనీయే శక్కర్‌నగర్.

మేలు: క్వార్టరు, కరెంటు, నీళ్లు, బడి, ఆసుపత్రి అన్నీ నడిచిపోయేంత దూరంలో ఉండేవి. నెల తిరిగితే జీతం. కూలివాని కొడుకు కూడా బడి ముఖం చూసేవాడు. పట్నపు రద్దీ లేదు, పల్లెలోని కొరత లేదు.

కీడు: మొదటిది, హోదాను బట్టి ఇల్లు. అధికారికి బంగళా, కార్మికునికి చిన్న క్వార్టరు. చెరకు నరికే కూలీలకు గుడిసెలే దిక్కు. రెండోది, అసలైనది: ఊరంతా ఒక్క పొగగొట్టం మీద ఆధారపడింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఉద్యోగం పోతే జీతంతో పాటు తల మీది కప్పు గురించీ దిగులు పడాల్సి వచ్చింది. రైతులు చెరకును దూరపు మిల్లులకు తోలారు, లేదా వరికి మళ్లారు. గిరాకీ లేక బోధన్ దుకాణాలూ వెలవెలబోయాయి.

నిజామాబాద్‌ను చూడండి. అక్కడ దుమ్ము ఉంది, ఇరుకు ఉంది, అద్దెల బాధ ఉంది. కానీ పసుపు మార్కెట్, బీడీల పని, వ్యాపారాలు, కాలేజీలు ఉన్నాయి. ఒకటి ఆగినా ఇంకొకటి ఆదుకుంటుంది.

మిత్రులారా, మన హాస్టలూ ఒక విధంగా క్వార్టరే. అన్నం, పడక ఇస్తుంది. చదువు ముగిశాక ట్రంకుపెట్టె సర్దుకోవాల్సిందే. రేపు మనలో కొందరు కంపెనీ కాలనీలకు వెళ్తాం. క్వార్టరు తీసుకుందాం, పిల్లలను చదివిద్దాం. అయితే ఉద్యోగం ఉండగానే మన పేరున చిన్న జాగా, మన చేతిలో ఇంకొక పని సంపాదించుకుందాం.