రైలుపట్టణములందు పందుల పెంపకము: ఆరోగ్యరక్షణ
(బిలాసపురమును ఉద్దేశించి పురపాలక, తహసీలు ఉద్యోగుల ఉపయోగార్థము)

1. విషయము. — బిలాసపురము బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండియు గొప్ప రైలుకూడలి. 2003వ సంవత్సరమునుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధానస్థానము. రైల్వే కొలువునకై వచ్చిన తెలుగు కుటుంబములనేకము ఇచ్చట స్థిరపడినవి. పట్టణములలో పందులను పెంచువారు సాధారణముగా మేత కొనక, భోజనశాలల ఎంగిలిని, కుడితిని తెచ్చి పోయుదురు. రైలుకూడలియందలి ఎంగిలి ఒక్క ఊరిది కాదు. దూరప్రాంతముల మాంసపు తునకలును అందు చేరవచ్చును. కావున తనిఖీకి వెళ్లు ఉద్యోగి దొడ్డికంటె ముందు కుడితితొట్టిని చూడవలయును.

2. మనుష్యులకు కలుగు వ్యాధులు. — (అ) జపాను మెదడువాపు జ్వరము: దీని వైరసు కొంగలు మొదలగు నీటిపక్షులనుండి క్యూలెక్స్ దోమలద్వారా పందులకు సంక్రమించి, వాని రక్తమున వృద్ధిచెంది, మరల దోమకాటువలన మనుష్యులకు, ముఖ్యముగా పిల్లలకు, వచ్చును. పందికి పైకి జబ్బు కనబడకపోవచ్చును. ఈ దోమలు వరిమళ్లలోను, నిలువనీటిలోను పుట్టి రాత్రివేళ కుట్టును. మనదేశమున ఈ వ్యాధి 1955లో వెల్లూరు ప్రాంతమున గుర్తింపబడినది.

(ఆ) బద్దెపురుగు: తిత్తులున్న పందిమాంసమును సరిగా ఉడికింపక తినినవాని ప్రేగులలో ఈ పురుగు పెరుగును. వాని మలములోని గ్రుడ్లు చేతులవలనగాని, ఆహారమువలనగాని, నీటివలనగాని ఇతరుల నోటిలో చేరినచో, మెదడున తిత్తులేర్పడి మూర్ఛ కలుగును. కావున మాంసమే ముట్టనివారికిని ఈ మూర్ఛ రావచ్చును.

3. ఆఫ్రికా పందిజ్వరము. — ఇది మనుష్యులకు రాదు. కాని మందలను నిర్మూలించి పేదల జీవనమును చెఱచును. 1921లో కెన్యాదేశమున వర్ణింపబడిన ఈ వ్యాధి 2020లో అస్సాము, అరుణాచలప్రదేశములలో బయటపడినది. 2022లో రీవా నగరమున ప్రబలినది. రీవా సత్నా, కట్నీల మీదుగా బిలాసపురముతో రైలుమార్గమున కలిసియున్నది. తీవ్రజ్వరము, మేత మానుట, చెవులును పొట్టయు ఎఱ్ఱబారుట, ఆకస్మిక మరణము దీని లక్షణములు. దీనికి చికిత్స లేదు. సాధారణ పందిజ్వరమునకు టీకా కలదు. అయితే రెంటి లక్షణములును ఒక్కటే యగుటచే పరీక్షలేక నిర్ణయింపరాదు.

4. చేయవలసిన పనులు. —
(క) ఎంగిలిమేతను మాన్పించుట మేలు. వీలుకానిచో 90 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో 60 నిమిషములు కలియబెట్టుచు కాచిన పిమ్మటనే పోయించవలయును.
(ఖ) పందులను వీధుల వదలక, ఇండ్లకు దూరముగా దొడ్లలో కట్టడిచేయించవలయును. మురుగునీరు నిలువరాదు. మరుగుదొడ్లు లేని పేటలకు వానిని ముందుగా సమకూర్చవలయును.
(గ) క్రొత్తగా తెచ్చిన పందిని కొన్ని వారములు వేఱుగా ఉంచించవలయును.
(ఘ) కళేబరమును అర్పానదిలోగాని, కాలువలోగాని పడవేయనీయక, బావులకు దూరముగా లోతుగా పాతిపెట్టించవలయును.
(ఙ) అనుమానము కలిగినతోడనే పశువైద్యునిచే నమూనాలు తీయించి, భోపాలులోని జాతీయ ఉన్నతభద్రతా పశువ్యాధి సంస్థకు పంపించవలయును. ఈలోగా పందుల రాకపోకలను, అమ్మకమును ఆపవలయును. వ్యాధి స్థిరపడినచో, 2020 నాటి జాతీయ కార్యప్రణాళిక ననుసరించి 1 కిలోమీటరు వ్యాధిమండలముగాను, 10 కిలోమీటర్ల వఱకు నిఘామండలముగాను గైకొనవలయును.

5. ముఖ్యసూచన. — వ్యాధిని తెలుపుట 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టముచే యజమానికి విధియైయున్నది. అయినను మంద పోవునను భయముచే అతడు జబ్బుపందిని రాత్రికి రాత్రి అమ్మివేయవచ్చును. అట్లమ్మిన మాంసపు తునకయే మరల మరియొకచోటి కుడితిలో చేరును. కావున పరిహారము ఎట్లు లభించునో, ఎవరిని అడుగవలయునో, వ్యాధి రాకమునుపే ప్రతి పెంపకందారునకును అతని భాషలో తెలియజెప్పుట ఉద్యోగుల ప్రథమకర్తవ్యము.