ఈ కంప్యూటర్‌లో ఆ ఆట ఆడుతుందా?



కంప్యూటర్ ఉంటే చాలు, ఏ ఆటైనా ఆడేస్తుందని మనలో చాలామంది అనుకుంటాం. టీవీ ఉంటే ఏ సినిమా అయినా వస్తుంది కదా అని. కానీ సినిమాలో బొమ్మలు ముందే తీసిపెట్టి ఉంటాయి. ఆటలో మనం ఎటు తిరిగితే అటు బొమ్మని యంత్రం అప్పటికప్పుడు గీయాలి, అదీ సెకనుకు 30 సార్లు, 60 సార్లు. అందుకని ఆట తయారుచేసినవాళ్ళే దానికి కనీసం ఏమేం కావాలో రాసి ఇస్తారు.

చూడవలసినవి ముఖ్యంగా నాలుగు. ప్రాసెసర్ లెక్కలు చేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు బొమ్మలు గీస్తుంది. హార్డ్ డిస్క్ మన హాస్టల్ స్టోర్ రూము లాంటిది, ర్యామ్ వంటగట్టు లాంటిది. స్టోర్ నిండా బియ్యం ఉన్నా గట్టు చిన్నదైతే వంట సాగదు. ఒకటి ఎక్కువుంది కదా అని ఇంకోదాని కొరత తీరదు. నాలుగూ విడివిడిగా పాస్ కావాలి, మన పరీక్షల్లాగే!

జీటీఏ వైస్ సిటీ అనే ఆట 2003లో కంప్యూటర్లకి వచ్చింది. దానికి 128 ఎంబీ ర్యామ్, 915 ఎంబీ డిస్క్ జాగా సరిపోయేవి. అదే వరుసలో ఐదోది 2015లో వచ్చింది. దానికి కనీసం 4 జీబీ ర్యామ్, అంటే 32 రెట్లు. వచ్చినప్పుడు అడిగిన డిస్క్ జాగా 65 జీబీ, అంటే 70 రెట్ల పైనే. (అవి పెద్దవాళ్ళ ఆటలు. లెక్క కోసమే చెప్తున్నా, వార్డెన్ గారు కోప్పడవద్దు.)

మా అన్న విజయవాడ వన్ టౌన్‌లో గోడౌన్ దగ్గర మూటలు మోస్తాడు. దసరా సెలవులకి వెళ్ళినప్పుడు పాత కంప్యూటర్ కొందామన్నాడు. తొమ్మిది వేలు, మూడు నెలలు దాచిన డబ్బు. టైపింగ్ నేర్చుకోవాలని ఉంది, ఆ ఐదో ఆట మీద మోజు కూడా ఉంది. సందులో ఒక కొట్టాయన "అన్నీ ఆడతాయి బాబూ, నాలుగు జీబీ" అన్నాడు. డబ్బు ఇవ్వకముందే "ఒకసారి ఆన్ చేయండి అంకుల్" అని అడిగాను.

మీరూ ఇలాగే చూడండి. విండోస్ గుర్తున్న మీట, ఆర్ మీట కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో డి, ఎక్స్, డి, ఐ, ఏ, జి అని వరుసగా కొట్టి ఎంటర్ నొక్కాలి. మొదటి పేజీలో ప్రాసెసర్, ర్యామ్, విండోస్ రకం ఉంటాయి. డిస్‌ప్లే అన్న పేజీలో గ్రాఫిక్స్ వివరం ఉంటుంది.

అక్కడ కనపడినవి: కోర్ టూ డుయో, 2.93 గిగాహెర్ట్జ్. ఆట అడిగేది కోర్ టూ క్వాడ్, 2.4 గిగాహెర్ట్జ్. అంకె మనదే పెద్దది కదా అని అన్న సంబరపడ్డాడు. కానీ డుయో అంటే పనివాళ్ళు ఇద్దరు, క్వాడ్ అంటే నలుగురు. ఇద్దరు ఎంత చురుగ్గా మోసినా నలుగురి పని చేయగలరా అని అడిగితే, మూటలు మోసేవాడు కాబట్టి అన్నకి వెంటనే అర్థమైంది. ర్యామ్ 4 జీబీ నిజమే, కానీ విండోస్ 32 బిట్‌ది. అది 4 జీబీని పూర్తిగా వాడుకోలేదు. పైగా ఆ ఆట 64 బిట్ విండోస్ ఉంటేనే నడుస్తుంది. ఇక గ్రాఫిక్స్ కార్డు విడిగా లేనే లేదు, బోర్డులోనే కలిసి ఉంది. ఆటకి 1 జీబీ సొంత మెమొరీ ఉన్న కార్డు కావాలి. బోర్డులోది ర్యామ్ నుంచే అప్పు తెచ్చుకుంటుంది. కాబట్టి డిస్‌ప్లే పేజీలో మొత్తం అని పెద్ద అంకె కనిపించినా మోసపోవద్దు.

వైస్ సిటీకీ, టైపింగ్‌కీ అయితే ఆ కంప్యూటర్ చాలు. అదే మాట చెప్పి బేరం చేస్తే ఆరు వేల ఐదొందలకి ఇచ్చాడు. మిగిలిన డబ్బుతో అన్న అమ్మకి చీర కొన్నాడు.

ఇప్పుడు మీకొక లెక్క: నాలుగు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 64 బిట్ విండోస్, 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 500 జీబీ డిస్క్, అందులో ఖాళీ 40 జీబీ. ఐదో ఆట ఎక్కుతుందా? ఎక్కకపోతే ఏం చేయాలి? చీటీ మీద రాసి ఆదివారం లోపు నాకివ్వండి.